మెడపట్టీలో పేర్లు

మొదట నలుగురు.
టమ్‌సిన్, డియోన్, కెరిస్, రోవెనా.
హల్ రేవులో చేపల వాసన వదలని వీధి నుంచి ఇద్దరు,
రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు ఇద్దరు.
జట్టు పేరు మారిగోల్డ్ లేన్.
మా ఊళ్లో ఆ పేరున్న సందే లేదు,
మేనేజరు నోట్లో తీపిగా తిరిగిన మాట, అంతే.

నాకు వాళ్ల గొంతులు తెలియవు, కొలతలు తెలుసు.
డియోన్ ఎడమ భుజం అరంగుళం కిందికి.
కెరిస్ పైస్వరం అందుకునే ముందు
పక్కటెముకలు గుప్పెడంత విచ్చుకుంటాయి,
అక్కడ గుడ్డ వదులుంచాలి.
ఒక్కో గౌనుకి రెండువేల మూడువందల వెండి తళుకులు.
లెక్క తప్పదు, కుట్టింది నేనే.

మూడో ఏడు చలికాలం, లీడ్స్ దారిలో వ్యాను ఆగితే
రోవెనా దిగింది. కాఫీకనుకున్నాం.
కప్పు చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చి
"మీరు వెళ్లండి" అంది.
పత్రికలో "స్నేహపూర్వకంగా" అని వేశారు.
ఎవరు కనిపెట్టారో గాని
కత్తెరకి పెట్టిన ముద్దుపేరది.

ఆ గౌనే నడుం దగ్గర రెండంగుళాలు పట్టి
పెట్రాకి తొడిగాను.
అందరికంటే బాగా పాడేది,
ఎనిమిది నెలలు ఉండనిచ్చారు.

తర్వాత టమ్‌సిన్ గొంతులో బుడిపెలు.
ఆరు నెలలు పెదవి విప్పొద్దన్నాడు డాక్టరు.
నా బల్ల దగ్గర కూర్చుని పుస్తకంలో రాసింది:
"నా గౌను ఎవరికిస్తావు?"
ఎవరికీ ఇవ్వలేదు.
సంచిలో వేసి కొయ్యకి తగిలించాను,
కలరా ఉండలతో సహా.

కొత్త నీరొస్తే పాత నీరు పోతుందంటారు.
అన్నవాడు హంబర్ ఒడ్డున నిలబడి ఉండడు.
ఇక్కడ ఆటుకి పోయిన నీరే
పోటుకి తిరిగొస్తుంది, ఇంకాస్త బురదతో.

లండన్ నుంచొచ్చిన కంపెనీ మనిషి
బల్లమీద వేలితో తడుతూ
"ఇకమీదట పరిణతి" అన్నాడు.
పరిణతి గజం ఎంతని అడగబోయి ఊరుకున్నాను.
తర్వాత తెలిసింది: పద్దెనిమిది పౌన్లు.
నల్ల ఉన్ని క్రేప్, అంచు చీలమండ దాకా,
తళుకు ఒక్కటీ లేదు.
గంతులు తీసేశారు, మూడు ఎత్తు పీటలు వేశారు.
డప్పు మోత యంత్రం పోయి
సెల్లో వాయించే జలుబు మనిషి వచ్చాడు.
పదిహేడేళ్లప్పుడు ఎగిరి అందుకున్న పాటని
రెండు స్వరాలు కిందికి దించి
వేళ్లతో తడిమి చూసినట్టు పాడారు.
బాగుంది. ఆ మాట వాళ్లతో అనలేదు.

రోవెనా, పెట్రాల చోటికి వచ్చింది అడ్వోవా.
చర్చిలో పెరిగిన గొంతు, మంద్రంలో నిలుస్తుంది.
నల్ల గౌనుకి పాత వెండి గౌను మెడపట్టీయే వేశాను,
ఎవరూ అడగలేదు.
దురద పెడుతోందని తనే విప్పి చూసింది:
పేరు మీద పేరు, దాని మీద తన పేరు.
చాలాసేపు చూసి
"విప్పకు. సబ్బు రాసి మెత్తబరుచు చాలు" అంది.

సిటీ హాల్లో ఆ రాత్రి
టమ్‌సిన్ తెర పక్కన నా దగ్గరే కూర్చుంది,
సూదుల దిండు ఒళ్లో పెట్టుకుని.
తన స్వరం ఉండాల్సిన చోట
వాళ్లు రెండు తాళాలు ఖాళీగా వదిలారు.
అడ్వోవా అటు వెళ్లలేదు,
కిందనుంచి మెల్లగా చుట్టి వచ్చింది.
టమ్‌సిన్ పెదవులు కదిలాయి, చప్పుడు లేకుండా.

ఏ శ్రుతిలో పాడావని అడిగాను.
పుస్తకం తీసి రాసింది: "పాతదే."

ఏమనాలో తోచలేదు.
సూదీ నల్ల దారం తన చేతికిచ్చాను,
ఎక్కించి పెట్టమని.
ఈ మధ్య నల్లటి దారం
నా కంటికి అందడం లేదు.